వియ్యపురాలికి నులిపురుగుల మందు

ఆ సముద్రపొడ్డు అక్వేరియంలో ఆరు పెంగ్విన్లు, రెండు తాబేళ్ళు, ఎవరూ సరిగ్గా లెక్కపెట్టని బోలెడు చిన్నాచితకా చేపలు, ఇద్దరు మనుషులు ఉండేవారు. మేనేజరు కూడా ఒకాయన ఉన్నాడు గానీ, ఆయన ఎప్పుడు చూసినా మీటింగులో ఉంటాడు కాబట్టి ఈ జాబితాలోకి రాడు.

తాబేళ్ళను చూసుకునేది తాబేళ్ళాయన. పెంగ్విన్లను చూసుకునేది పెంగ్విన్లావిడ. వాళ్ళకు సొంత పేర్లు లేకపోలేదు. ఊళ్ళో వాటిని వాడే అవసరం ఎవరికీ రాలేదు, అంతే.

తొమ్మిదేళ్ళ కిందట పెంగ్విన్లు డబ్బాల్లో దిగినప్పుడు ఒక్కోదాని రెక్కకు ఒక్కో అంకె కట్టి ఉంది. పెంగ్విన్లావిడకు అంకెలంటే చిన్నప్పటి నుంచీ పడదు. నాలుగో నంబరు తిన్నదా, ఐదో నంబరు తిన్నదా అని రెండు రోజులు తికమకపడి, మూడో రోజున అంకెలను పక్కన పడేసి వాటి బుద్ధులను బట్టి వరసలు కలిపేసింది. రెక్కలు వెనక్కి పెట్టుకుని ఏ పనీ చేయకుండా అటూ ఇటూ పచార్లు చేసేది బావగారు. ప్రతి గూట్లోనూ తల దూర్చి, పక్కవాళ్ళ గుడ్ల మీద కూడా తనే కూర్చుంటానని పేచీ పెట్టేది పెద్దమ్మ. ఒకరి గూట్లోంచి ఒకరు గులకరాళ్ళు దొంగిలించుకుంటూ, మళ్ళీ ఒకరి మెడ ఒకరు దువ్వుకునే రెండూ తోడికోడళ్ళు. ముందుగా తనకు పెట్టకపోతే గోడవైపు తిరిగి అలిగేది అల్లుడు.

ఇక ఆరోది. డబ్బా మూత తీయగానే అది బయటికి రాలేదు. లోపలి నుంచే పెంగ్విన్లావిడను కింద నుంచి పైదాకా ఒకసారి, పై నుంచి కిందిదాకా ఒకసారి చూసింది. నీళ్ళ తొట్టిని చూసి మొహం తిప్పుకుంది. ఇచ్చిన చేపను అటూ ఇటూ తిప్పి, ఇదేనా మీ మర్యాద అన్నట్టు కింద పడేసింది. తీసి మళ్ళీ ఇవ్వబోతే చెయ్యి కరిచింది. దానికి వేరే పేరు వెతకాల్సిన పని లేకపోయింది. వియ్యపురాలు.

అప్పటికి పెంగ్విన్లావిడ కూతురికి పద్నాలుగేళ్ళు. అసలు వియ్యపురాలంటూ ఎవరూ లేరు. కాబట్టి ఆ పేరు పెట్టడంలో ఆవిడకు ఏ దురుద్దేశమూ లేదని ఇక్కడే చెప్పేయడం మంచిది. తర్వాత చెబితే ఎవరూ నమ్మరు.

ఇప్పుడు కూతురికి పెళ్ళయింది. పది నెలల పాప కూడా ఉంది. పెంగ్విన్లావిడకేమో ఇంకో రెండు నెలల్లో రిటైర్మెంటు. మేనేజరు ఒక మీటింగుకూ ఇంకో మీటింగుకూ మధ్యలో నిలబడి కబురు చెప్పాడు. "మీ పని తెలిసినవాళ్ళు దొరికితే సరే. లేకపోతే పెంగ్విన్లను పెద్ద ఊరి అక్వేరియంకి పంపేద్దాం. కొత్తవాళ్ళ చేతిలో పెట్టి ప్రాణం మీదికి తెచ్చుకోలేను."

ఆ మాట విన్న రోజు పెంగ్విన్లావిడకు అన్నం సయించలేదు. ఆరింటినీ డబ్బాల్లో పెట్టి మూతలు బిగిస్తున్నట్టు కళ్ళ ముందు కనబడింది. పని తెలిసిన మనిషి లేకపోలేదు. కూతురే ఉంది. బడి నుంచి నేరుగా అక్వేరియంకి వచ్చి, తోడికోడళ్ళ మధ్య కూర్చుని హోంవర్కు చేసుకున్న పిల్ల అది.

"నాకూ రావాలనే ఉందమ్మా," అంది కూతురు ఫోనులో. "కానీ పాపని పగలంతా చూసుకోవాల్సింది అత్తయ్య కదా. ఆవిడ సరే అంటేనే."

ఆ అత్తయ్య నలభై ఏళ్ళు బడి నడిపిన హెడ్మిస్ట్రెస్. ఏ కాగితమైనా చదవకుండా సంతకం పెట్టదు, ఏ పనైనా చూడకుండా మాట ఇవ్వదు. "ఆదివారం పొద్దున నేనూ వస్తాను. ఆ ఉద్యోగం ఏమిటో నా కళ్ళతో చూస్తే గానీ చెప్పలేను," అందట.

పెంగ్విన్లావిడకు ఆవిడంటే హడలు. పెళ్ళయిన ఈ రెండేళ్ళలో ఆవిడ ముందు కూర్చున్న ప్రతిసారీ తన చేతులను ఏం చేసుకోవాలో తెలిసేది కాదు. అయినా ఇది పెంగ్విన్ల బతుకు సంగతి. శనివారం పొద్దుటి నుంచీ నడుం బిగించి రాళ్ళు కడిగింది, అద్దాలు తుడిచింది, పెంగ్విన్లుండే చల్లగది మూలమూలలా బ్రష్షు పెట్టి రుద్దింది. మధ్యాహ్నం చేపల వంటగదిలోకి వెళ్ళి గోడకున్న నల్లబోర్డు వంక చూసింది. ఏ పెంగ్విన్ ఏం తిన్నదో, దేనికి ఏ మందు వేయాలో అన్నీ రాసేది ఆ బోర్డు మీదే. రాసింది వరసలతోనే.

తడిగుడ్డ పెట్టి బోర్డంతా తళతళలాడేలా తుడిచేసింది. ఆ తర్వాత తాబేళ్ళాయన దగ్గరికి పరిగెత్తింది.

ఆయన నీళ్ళ అంచున గొంతుక్కూర్చుని మెత్తటి బ్రష్షుతో తాబేలు వీపు మీది పాచి తోముతున్నాడు. అలా తోమితే ఆ తాబేలుకు మహా సుఖం. వెనక భాగం అటూ ఇటూ ఊపుతుంది.

"రేపొక్కరోజు ఆ పేరు ఎత్తకండి," అంది పెంగ్విన్లావిడ.

"ఏ పేరండీ?"

"వియ్యపురాలు."

"ఎందుకని?"

"మా వియ్యపురాలు వస్తోంది."

ఆయన బ్రష్షు ఆపి ఆలోచించాడు. ఆయనకు ఏదీ తొందరగా బుర్రకెక్కదు. ఎక్కిందంటే మాత్రం మళ్ళీ దిగదు. "ఆవిడ ఎప్పుడూ ఇక్కడే ఉంటుంది కదండీ?"

"ఆ వియ్యపురాలు కాదు మహానుభావా! అసలు వియ్యపురాలు!"

"అంటే ఇది అసలుది కాదా?"

సంగతి ఆయనకు అర్థమయ్యేసరికి తాబేలు వీపు రెండో పక్క తోమడం కూడా అయిపోయింది. అర్థమయ్యాక మాత్రం గుండె మీద చెయ్యి వేసుకుని మాట ఇచ్చాడు. "నా నోట ఆ మాట రాదండీ. నన్ను నమ్మండి."

ఆయన మాట తప్పే మనిషి కాదు. నోట రాదన్నాడు, రాలేదు కూడా.

ఆదివారం పది గంటలకు గేటు దగ్గర గొడుగు కనబడింది. గొడుగు కింద హెడ్మిస్ట్రెస్, పక్కన కూతురు. పాపను వాళ్ళ నాన్న దగ్గర వదిలి వచ్చారు. హెడ్మిస్ట్రెస్ పొడుగ్గా, సన్నగా, స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది. లోపలికి అడుగు పెట్టిన దగ్గర్నుంచి కనబడిన ప్రతి అక్షరమూ చదువుకుంటూ నడిచింది. టిక్కెట్టు మీద వెనకవైపున్న నిబంధనలు కూడా వదల్లేదు.

"'చేపలకు ఎవరూ తిండి వేయరాదు' అని రాశారు," అంది ఒక బోర్డు ముందు ఆగి. "ఎవరూ వేయకపోతే అవి బతికేదెలా?"

"మేం వేస్తామండీ," అంది పెంగ్విన్లావిడ.

"అయితే 'సందర్శకులు' అని ఉండాలి."

తాబేళ్ళ దగ్గర గోడ మీద "ఒకటి", "మూడు" అని రెండు పేర్లు ఉన్నాయి. హెడ్మిస్ట్రెస్ కళ్ళజోడు సర్దుకుంది. "రెండు ఏది?"

"లేదండీ," అన్నాడు తాబేళ్ళాయన. "రెండు అనే పేరు నాకు నచ్చలేదు."

"నచ్చలేదని అంకెను మానేస్తామా?"

"మానేశానండీ," అన్నాడాయన ఎంతో వినయంగా. హెడ్మిస్ట్రెస్ ఆయన వంక చాలాసేపు చూసింది గానీ, నలభై ఏళ్ళ సర్వీసులో ఇలాంటి జవాబు తగిలినట్టు లేదు, ముందుకు నడిచింది.

పెంగ్విన్ల దగ్గర మాత్రం అంతా సవ్యంగా జరిగింది. తోడికోడళ్ళు ఆ పూటకు కొట్టుకోలేదు. బావగారు పచార్లు చేసి చూపించాడు. పెంగ్విన్లావిడ వాటిని "ఇదీ... అదీ... ఆ చివరిదీ" అంటూ పేర్లు నోట్లోనే నమిలేస్తూ నెట్టుకొచ్చింది. కూతురు పళ్ళ బిగువున నవ్వు ఆపుకుంది. గండం గడిచిందనుకుని పెంగ్విన్లావిడ ఊపిరి పీల్చుకుని, "రండి, ఒక కప్పు టీ తాగుదురు గాని," అంటూ వంటగదిలోకి తీసుకెళ్ళింది.

ఒక బల్ల, రెండు బకెట్లు, గడ్డకట్టిన చేపల మంచు కరిగే తొట్టి, మూలన ఒక స్టూలు. స్టూలు తుడిచి హెడ్మిస్ట్రెస్‌ను కూర్చోబెట్టింది. చేతికి టీ కప్పు ఇచ్చింది. పళ్ళెంలో నాలుగు బిస్కెట్లు పెట్టింది. ఆవిడ ఒకటి తీసుకుని సగం కొరికి, అలవాటు కొద్దీ చదవడానికి ఏముందా అని తల ఎత్తింది.

పెంగ్విన్లావిడ కూడా అటే చూసింది. పై ప్రాణాలు పైనే పోయాయి. నిన్న తళతళలాడిన బోర్డు మీద ఇవాళ ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఒక్కోటి అరచెయ్యంత అక్షరాలు ఉన్నాయి.

వియ్యపురాలు
మొన్న: నులిపురుగుల మంధు పెట్టాం. ఉమ్మేసింది.
నిన్న: మంధు పెట్టాం. ఉమ్మేసి కరిచింది.
ఇవాళ: మంధు తిండిలో దాచి పెట్టాలి. అనుమానం రాకూడదు.
గోళ్ళు కత్తిరించాలి. తువ్వాలు కప్పి ఇద్దరు గట్టిగా పట్టుకోవాలి.
బరువు బాగా పెరిగింది. అందరి తిండీ తనే తింటోంది.

హెడ్మిస్ట్రెస్ మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివింది. తర్వాత చేతిలో మిగిలిన సగం బిస్కెట్టును మెల్లగా పళ్ళెంలో పెట్టేసింది. టీ కప్పును కూడా పక్కన పెట్టి, వేలితో కాస్త దూరంగా జరిపింది.



ఆవిడ లేచి బోర్డు దగ్గరికి నడిచింది. వేలికొసతో "మంధు"లో ఒత్తులు ఒక్కొక్కటీ చెరిపింది. మూడు చోట్లా చెరిపి, చెయ్యి దులుపుకుని, వెనక్కి తిరిగింది. "ఇప్పుడు చెప్పండి. నాకు పురుగులున్నాయని మీకెవరు చెప్పారు?"

ఆ క్షణాన గుమ్మంలోంచి తాబేళ్ళాయన తల లోపలికి వచ్చింది. "బోర్డు ఎవరో తుడిచేశారండీ," అన్నాడు సంతోషంగా. "రేపు డాక్టరుగారు వస్తే ఇబ్బంది అవుతుందని మందుల పుస్తకం చూసి మళ్ళీ రాసిపెట్టాను. నోటితో మాత్రం ఒక్క మాట అనలేదు. చూశారుగా."

"నా కొంప ముంచారు కదండీ," అంది పెంగ్విన్లావిడ నీరసంగా.

ఆయన బోర్డునూ, హెడ్మిస్ట్రెస్‌నూ మార్చి మార్చి చూశాడు. ఇంత తొందరగా ఆయనకు ఏ విషయమూ ఎప్పుడూ అర్థం కాలేదు. "అయ్యయ్యో, అది మీరు కాదండీ!" అన్నాడు గాభరాగా. "అది పెంగ్విన్. మీ కన్నా ముందే ఉంది. మీకు పురుగులు లేవు. బరువు కూడా... మీకు లేదు. గోళ్ళ సంగతి నేను చూడలేదు గానీ..."

"మీరు తాబేళ్ళ దగ్గరికి వెళ్ళండి బాబాయ్," అంది కూతురు. అంతవరకే ఆపుకోగలిగింది. ఆ తర్వాత తొట్టి అంచు పట్టుకుని, కడుపు చేత్తో నొక్కుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

పెంగ్విన్లావిడకు మాత్రం ఏడుపొచ్చింది. అయిపోయింది. ఇక ఈవిడ పాపను చూసుకోనూ చూసుకోదు, కూతురు రానూ రాదు, డబ్బాలు దిగడమే తరువాయి. దాచి లాభం లేదని ఉన్నదంతా చెప్పేసింది. అంకెలు గుర్తుండకపోవడం, వరసలు కలపడం, మొదటి రోజు చెయ్యి కరవడం. "మీకు కష్టంగా ఉంటే పేరు మార్చేస్తానండీ," అంది చివర్న.

"మారిస్తే పలుకుతుందా?"

"పలకదండీ."

"మరి ఎందుకు మార్చడం?" హెడ్మిస్ట్రెస్ గొడుగు చేతిలోకి తీసుకుంది. వెళ్ళిపోతోందనుకుంది పెంగ్విన్లావిడ. ఆవిడ గేటువైపు కాకుండా చల్లగది వైపు తిరిగింది. "ఇవాళ్టి మందు ఇచ్చారా?"

"ఇంకా లేదండీ."

"ఇవ్వండి. చూస్తాను."

రబ్బరు బూట్లు, ప్లాస్టిక్ ఏప్రను ఇచ్చారు. ఏప్రను ఆవిడకు మోకాళ్ళు దాటలేదు. అద్దానికి అవతల ఆదివారం జనం పోగయ్యారు. పెంగ్విన్లావిడ ఒక చేప మొప్ప కింద మందుబిళ్ళ దూర్చి, తోక పట్టుకుని, వియ్యపురాలి ముందు వంగింది. మూడు రోజులుగా చేస్తున్న ప్రయత్నమే.

"నా తల్లి కదూ, నా బంగారం కదూ," అంది తేనె కారేలా. "నా చిట్టి వియ్యపురాలు కదూ, ఈ ఒక్క చేప తినమ్మా."

వియ్యపురాలు ఒక కన్నుతో చేపను చూసింది. రెండో కన్నుతో పెంగ్విన్లావిడను చూసింది. చేపను అందుకుంది, బిళ్ళను వేరు చేసి బూటు మీద ఉమ్మింది, చేపను మాత్రం మింగేసింది. అద్దానికి అవతల జనం చప్పట్లు కొట్టారు.

"మామూలు రోజుల్లో దాన్ని ఏమని పిలుస్తారు?" అడిగింది హెడ్మిస్ట్రెస్.

పెంగ్విన్లావిడ నీళ్ళు నమిలింది. "ఒసేయ్ అంటానండీ."

"తొమ్మిదేళ్ళుగా?"

"తొమ్మిదేళ్ళుగానే."

"తొమ్మిదేళ్ళు ఒసేయ్ అని, మందు ఉన్న రోజున బంగారం అంటే దానికి అనుమానం రాదా? నాకైతే వస్తుంది."

ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళుగా తట్టనందుకు పెంగ్విన్లావిడకు సిగ్గేసింది. బోర్డు మీద 'అనుమానం రాకూడదు' అని రాసుకుని మరీ, ప్రతిసారీ ముందుగా తనే చాటింపు వేస్తోందన్నమాట.

హెడ్మిస్ట్రెస్ బకెట్లోంచి ఇంకో చేప తీసుకుంది. కొత్త బిళ్ళను అందరూ చూస్తుండగా, ముఖ్యంగా వియ్యపురాలు చూస్తుండగా, మొప్ప కింద పెట్టింది. తర్వాత నిటారుగా నిలబడి ఆ గొంతు తీసింది. నలభై ఏళ్ళు మైదానం ఈ చివర నుంచి ఆ చివర దాకా మైకు లేకుండా వినబడిన గొంతు అది.

"చూడు. ఇది నులిపురుగుల మందు. బాగుండదు. అయినా మింగాలి. నోరు తెరువు."

చల్లగదిలో కదలిక ఆగిపోయింది. పచార్లు చేస్తున్న బావగారు ఒక కాలు ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. తోడికోడళ్ళలో ఒకతె నోట్లో ఉన్న దొంగరాయిని తీసుకెళ్ళి రెండో ఆమె గూట్లో తిరిగి పెట్టేసింది. అల్లుడు గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. అద్దానికి అవతల ఐస్‌క్రీము తింటున్న ఒక పెద్దమనిషి దాన్ని వెనక్కి దాచుకున్నాడు. ఇదంతా ఆ గొంతు మహిమేనా అంటే చెప్పలేం గానీ, అక్కడున్నవాళ్ళు మాత్రం ఈ రోజుకీ అలాగే చెబుతారు.

వియ్యపురాలు ఆవిడను కింద నుంచి పైదాకా చూసింది. ఆవిడ కూడా వియ్యపురాలిని పై నుంచి కిందిదాకా చూసింది. ఇద్దరిలో ఎవరూ కన్ను ఆర్పలేదు. చివరకు పెంగ్విన్ మెడ సాచి, నోరు తెరిచి, చేపను తల వైపు నుంచి బిళ్ళతో సహా గుటుక్కున మింగింది. మింగి, పరువు పోకుండా ఉండటానికి కాబోలు, ఆవిడ ఏప్రను అంచు పట్టుకుని ఒక్క పీకు పీకింది.

"పొగరు," అంది హెడ్మిస్ట్రెస్ మెచ్చుకోలుగా. "ఉండాలి."

మళ్ళీ వంటగదిలోకి వచ్చాక చేతులు కడుక్కుంది. పళ్ళెంలోని సగం బిస్కెట్టును తీసుకుని తినేసింది. పెంగ్విన్లావిడ ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది. అడగడానికి ధైర్యం చాలక, కూతురి మొహం వంక చూసింది.

"ఉద్యోగం మంచిదే," అంది హెడ్మిస్ట్రెస్. "అమ్మాయి చేరుతుంది. పాపని నేను చూసుకుంటాను. కానీ ఒక్క ఇబ్బంది ఉంది."

"ఏంటండీ?"

ఆవిడ కళ్ళజోడు తీసింది, తుడిచింది, పెట్టుకుంది, మళ్ళీ తీసింది. ఆ మనిషి అలా తడబడటం పెంగ్విన్లావిడ ఎప్పుడూ చూడలేదు.

"పాప నా మాట వినదు," అంది చివరకు. "బడి మొత్తం విన్నది. మీ పెంగ్విన్ కూడా విన్నది. ఈ పది నెలల పిల్ల వినదు. నోరు తెరవమంటే మూసుకుంటుంది. గట్టిగా అంటే నవ్వుతుంది. బతిమాలాలట. నాకు బతిమాలడం రాదండీ. మా అబ్బాయిని కూడా ఏనాడూ బతిమాలలేదు. మీరు వచ్చిన రోజున మాత్రం అది కడుపు నిండా తింటుంది. నేను పక్క గదిలోంచి వింటూ ఉంటాను. నా బంగారం, నా తల్లి అని మీరేవేవో అంటూ ఉంటారు. రెండు మూడు మాటలు రాసి కూడా పెట్టుకున్నాను. నేనంటే అది మూతి తిప్పుకుంటుంది. ఇది ఇంకొకరికి చెప్పుకోవడం నాకెంత నామోషీగా ఉందో మీకు తెలియదు."

పెంగ్విన్లావిడ గుండె ఒక్కసారిగా నిండిపోయింది. డబ్బాలు దిగవు. ఆరూ ఇక్కడే ఉంటాయి. అంతకు మించి, రిటైరయ్యాక పొద్దున్నే లేచి ఎవరికి తిండి పెట్టాలని రెండు నెలలుగా లోలోపల కుమిలిపోతున్న సంగతి తను ఎవరికీ చెప్పుకోలేదు. ఈవిడ వచ్చి అడక్కుండానే దానికీ దారి చూపించింది. కళ్ళు తుడుచుకుందామంటే చేతులకు చేపల జిడ్డు. భుజంతో తుడుచుకుంది.

"మీరు రిటైరైన మర్నాటి నుంచీ రోజూ మధ్యాహ్నం రావాలి," అంది హెడ్మిస్ట్రెస్, పాత గొంతు మళ్ళీ దొరకబుచ్చుకుని. "రెండు పూటలకీ సరిపడా బతిమాలి వెళ్ళండి. చేతులు మాత్రం సబ్బుతో మూడుసార్లు కడుక్కుని రండి. మీరు వచ్చి వెళ్ళిన రోజున వీధిలో పిల్లులన్నీ మా గుమ్మం వదలవు."

"ఎన్నింటికి రమ్మంటారండీ?"

"పన్నెండింటికి. ఆలస్యం చేయకూడదు."

"అలాగేనండీ," అంది పెంగ్విన్లావిడ, తనకు తెలియకుండానే చేతులు కట్టుకుని నిటారుగా నిలబడి.